ఉన్ని, కాగితము, జ్ఞాపకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

గ్రంథాలయ రజతోత్సవ సమయమున గ్రంథముల మహిమను గూర్చి ప్రసంగించుట ఆచారము. నేటి విషయము దానికి కొంచెము ప్రక్కగా నున్నట్లు తోచవచ్చును. మగ్గము లేకుండ ఉన్నితో చేయు గుడ్డను గూర్చియు, ఒకరు అచ్చు వేయింపగా మరియొకరు తమ చేతితో మార్చుకొన్న పుస్తకమును గూర్చియు ఇందు చెప్పబడును. ఉన్నికిని పుస్తకమునకును సంబంధమేమి యని పెద్దలకు సందేహము కలుగుట సహజము. సంబంధము కలదు. ఆ గుడ్డయు కాగితమును నేయబడనివి. రెండును నీటిలో తడిసి, ఒత్తబడి, ఆరి గట్టిపడునవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ రెండింటిలోను పనిచేసినవారి చేయి చెరగక నిలుచును.

ముందు ఉన్ని సంగతి. పడుగు పేకలు లేకుండ, ఉన్నిని తడిపి ఒత్తి చేయు దట్టమైన గుడ్డను ఆంగ్లమున ఫెల్టు అందురు. కాశ్మీరమునందును కచ్ఛదేశమునందును నమ్దా యందురు. తెలుగునాట ఉన్నిని వడికి నేయుటయే ఆచారము గనుక ఈ పనిని కొంచెము వివరింపవలసి యున్నది.

గొఱ్ఱె ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై చేప పొలుసుల వంటి పొలుసులు కానవచ్చును. అవి యన్నియు కొనవైపునకే వాలి యుండును. వేడినీరును సబ్బును తగిలి, పైనుండి రాపిడి కలిగినపుడు పోగులు ఒకదానిలోనికి ఒకటి ప్రాకును. పొలుసులు అడ్డుపడుటచేత ముందునకు పోగలవు గాని వెనుకకు రాలేవు. ఇట్లు వేలకొలది పోగులు చిక్కుపడి, కుంచించి, ఒక్క గుడ్డయగును. ప్రత్తికి ఇట్టి పొలుసులు లేవు. ఎంత రుద్దినను అది ఫెల్టు కాదు. నేసిన గుడ్డను పోగు పోగుగా విప్పవచ్చును. ఫెల్టును విప్పుట ఎవరి తరమును గాదు. దానిపై పడిన శ్రమ దానిలోనే ఉండిపోవును.

ఈ విద్య మిక్కిలి పురాతనమైనది. ఆల్టాయి పర్వతములలో పజిరిక్ అను చోట మంచుతో గడ్డకట్టిన సమాధులు కలవు. రుడెంకో అను రష్యను శాస్త్రజ్ఞుడు 1929లోను, మరల 1947 మొదలు 1949 వరకును వానిని త్రవ్వించెను. సుమారు 2,300 ఏండ్ల నాటి ఫెల్టు తెరలును, ఫెల్టుతో కుట్టిన హంసల బొమ్మలును అందు దొరికినవి. అవి నేడు సెయింట్ పీటర్స్‌బర్గు నగరమునందలి హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో నున్నవి. ఆ సమాధులలోని ప్రభువుల పేర్లు ఎవరికిని తెలియవు. ఆ హంసలను కుట్టిన చేతి పని మాత్రము కన్నులయెదుట నున్నది.

నేటికిని ఈ విద్యను ఇంటి విద్యగా నిలుపుకొన్నవారిలో మధ్య ఆసియాలోని కిర్గిజ్ ప్రజలు ముఖ్యులు. వారి పూర్వులు మందలను తోలుకొని కొండల మీద తిరిగినవారు. వారి గుడారపు గోడ ఫెల్టు, పైకప్పు ఫెల్టు, నేలపై పఱచునదియు ఫెల్టే. పఱపులలో రెండు రకములు కలవు. ఆలా కియిజ్ అను దానికై రెల్లు చాపపై రంగుల ఉన్నిని ముగ్గువలె పఱచి, వేడినీరు చల్లి, చాపతో సహా చుట్టి దొర్లింతురు. ఉన్ని కలిసిపోవునపుడు ముగ్గు అంచులు కొంచెము కరగి మెత్తబడును.

రెండవది షిర్దాక్. దీని చమత్కారము వినదగినది. రెండు రంగుల ఫెల్టు ముక్కలను ఒకదానిపై నొకటి పెట్టి, పొట్టేలి కొమ్ములను బోలిన వంపులతో ఒక్కమారే కత్తిరింతురు. పిమ్మట ఎఱుపులోని బొమ్మను నలుపులోను, నలుపులోని బొమ్మను ఎఱుపులోను అమర్చి, అతుకుపై త్రాడు కుట్టి, అడుగున మరియొక ఫెల్టు చేర్చి గట్టిగా కుట్టుదురు. ఒక్క ముక్కయు వ్యర్థము గాదు. ఒకేసారి రెండు పఱపులు తయారగును. ఒకదానిలో బొమ్మ యైనది రెండవదానిలో నేల యగును. ఇంటి స్త్రీలు ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచి ఈ పని సాగింతురు. తెలుగు పల్లెలలో ఊడ్పులకు బదులు సాయము చేసికొనునట్లు అచటను సాయముపట్టు కలదు. దానిని అషార్ అందురు. కూతురు అత్తవారింటికి పోవునపుడు తల్లి చేసిన షిర్దాక్‌ను వెంట నిచ్చుట వారి ఆచారము. పెండ్లికూతురు క్రొత్త ఇంట ఏ పఱపుపై కూర్చుండునో, దానిలో పుట్టింటి మంద ఉన్నియు, తల్లి కుట్టును, మేనత్త కత్తెరయు కలిసి యుండును. అంగడిలో కొన్న తివాచీ ఇంతకంటె మెత్తగా నుండవచ్చును. అది ఆ పిల్లకు ఏమియు చెప్పజాలదు.

ఇట్టి విద్యకును క్షీణదశ వచ్చినది. యునెస్కో సంస్థ 2012లో ఈ రెండు కళలను తక్షణ సంరక్షణ అవసరమైన వానిలో చేర్చెను. నేర్చినవారిలో అధికులు నలువది యేండ్లు దాటినవారే యనియు, యువతులకు ఆసక్తి తగ్గినదనియు, చౌకయైన కృత్రిమపు తివాచీలు ఇండ్లలోనికి వచ్చినవనియు అపుడు గుర్తింపబడెను. ఆలా కియిజ్ దాదాపు అంతరించినదనియు చెప్పబడెను.

ఇచట తెలుగువారి గొంగడిని తలంచుకొనుట న్యాయము. తెలంగాణమున కురుమలు, రాయలసీమలో కురుబలు తరతరములుగా దక్కనీ జాతి గొఱ్ఱెల ఉన్నితో గొంగళ్లు నేయుచున్నారు. ఏడాదికి రెండు మారులు ఉన్ని కత్తిరింతురు. స్త్రీలు వడుకుదురు, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. నల్ల గొఱ్ఱె రంగే గొంగడి రంగు. అద్దకముతో పని లేదు. కాపరికి అది వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక. గొంగడి నేసిన గుడ్డయే గాని, వానకు తడిసి, ఒంటి రాపిడికి లోనై, ఏండ్లు గడచినకొలది నేత కనబడనంత దట్టమగును. అనగా నేతగాడు సగము చేయగా, కప్పుకొన్నవాడు తక్కిన సగము చేయును. కాని మాంసమునకై ఉన్ని లేని నెల్లూరు జాతి గొఱ్ఱెలను పెంచుట హెచ్చినది. దక్కనీ మందలు తగ్గినవి. వడుకు చేతులును తగ్గినవి. చలిని ఆపుటకు మిల్లు దుప్పటి చాలును. కాని తాత భుజము రాపిడికి దట్టమైన గొంగడిని మిల్లు నేయజాలదు.

ఇక ఉన్నినుండి పుస్తకమునకు పోవు దారి చాల దగ్గరది. ఐరోపాలో చేతితో కాగితము చేయు కార్ఖానాలలో తొట్టినుండి తీసిన తడి కాగితమును ఉన్ని ఫెల్టు ముక్కపై బోర్లించి, దానిపై మరియొక ఫెల్టు, మరల కాగితము, ఇట్లు దొంతర పేర్చి మరలో నొక్కెడివారు. నీటిని పీల్చుకొని, కాగితము చిరుగకుండ కాచునది ఫెల్టే. కాగితము పుట్టినది ఉన్ని పక్కపైననవచ్చును. కాగితమును ఫెల్టువలెనే పోగుల చిక్కుదలయే. అది ఉన్ని చిక్కు, ఇది నార చిక్కు. అంతియే భేదము.

కాగితముపై అక్షరములు పడి పుస్తకమైన పిమ్మట దాని పని ముగిసినదని తలంచుట పొరపాటు. పాఠకుని చేతికి వచ్చిన పిమ్మటనే దానికి రెండవ జన్మము.

తెలుగు ఇండ్లలోని పంచాంగమును చూడుడు. దాని ఆయువు ఒక్క సంవత్సరము. ఉగాదికి క్రొత్తది వచ్చినతోడనే పాతదాని తిథి వార నక్షత్రములు నిరుపయోగములగును. కాని దాని అంచున ఇంటి పెద్ద బిడ్డ పుట్టిన ఘడియ వ్రాసెను. ఆవు ఈనిన దినము వ్రాసెను. తొలకరి పడిన నాడును, తండ్రి కన్నుమూసిన తిథియు వ్రాసెను. పంచాంగకర్త వ్రాసినది ఏడాదితో పోయినది. ఇంటివాడు వ్రాసినది మూడు తరములకు పనికివచ్చినది. పాత పంచాంగములు తూకమునకు పోయిన ఇంట ఏమగును? తాతగారి తిథి యేదో తెలియక, తిథి తెలియనివారందరితో పాటు ఆయనకును మహాలయ అమావాస్యనాడే పిండము పెట్టవలసివచ్చును. నాలుగు అణాల కాగితముతో ఒక మనుష్యుని దినము పోయినది.

అట్లే నిత్యపారాయణ చేసిన రామాయణ ప్రతిలో పసుపు వ్రేలి గుర్తులు, ఆగిన చోట పెట్టిన తులసి దళము, కన్నీరు పడి ఉబ్బిన కాగితము కానవచ్చును. బడిపిల్లవాని పుస్తకములో నెమలికన్ను ఉండును. ఇవన్నియు పుస్తకమును మార్చినవే. గ్రంథకర్త ఎరుగని గ్రంథము దానిలో చేరినది.

ఈ నేలపై పూర్వము మార్చుటకే పుట్టిన పుస్తక మొకటి యుండెడిది. దానిని కడితము అనెడివారు. నూలుగుడ్డకు చింతగింజల గంజి పట్టించి, బొగ్గుపొడితో నలుపుచేసి, మడతలుగా మడచి, తెల్లని బలపముతో వ్రాసెడివారు. వర్తకులును లెక్కలవారును దీనిని వాడిరి. లెక్క తీరినపుడు తుడిచి, మరల వ్రాయవచ్చును. శృంగేరి మఠమునందు ఇట్టి కడితములు పెక్కు లభించినవి. గొంగడి పడుగునకు పట్టించిన చింతగింజల గంజియే లెక్కల పుస్తకమునకును పట్టించిరి. పల్లెటూరి వస్తువులు ఒకదానికొకటి ఎట్లు చుట్టములో దీనివలన తెలియుచున్నది. గ్రామ కరణముల కవిలెలును ఇట్టివే. తండ్రి వ్రాసినదానికి కొడుకు, కొడుకు వ్రాసినదానికి మనుమడు చేర్చుచు వచ్చిరి. మెకంజీ దొర గ్రామ చరిత్రలను సేకరించునపుడు ఆ కైఫీయతులకు అనేకచోట్ల ఆధారమైనవి ఈ కవిలెలే. కరణీకములు 1984లో రద్దైనవి. పాత కట్టలలో అటకపై చెదలు తిన్నవి తిన్నవే.

ఒకరి గ్రంథములో మరియొకరు చేయి పెట్టుట తప్పా యని అడుగవచ్చును. ఆంధ్ర మహాభారతము ముగ్గురి చేతులలో పూర్తియైనది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించి, తన పేరున గాక నన్నయ మార్గముననే రాజరాజనరేంద్రునకు అంకితము చేసెను. పోతన భాగవతములో శిథిలమైన భాగములను వెలిగందల నారయ మొదలగువారు పూరించిరని ప్రసిద్ధి. పూర్వుని గౌరవించి చేయి పెట్టినచో అది తప్పు కాదు, సేవ యగును.

పాశ్చాత్య దేశములలో ఈ పుస్తకపు మార్పు ఒక చేతిపనిగా వృద్ధి పొందినది. అందు మంచియు చెడ్డయు రెండును కలవు. ఇంగ్లండులో జేమ్స్ గ్రాంజర్ అను నతడు 1769లో దేశీయ ప్రముఖుల జీవితములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. పాఠకులు అందలి ప్రముఖుల చిత్తరువులను సంపాదించి తమ ప్రతులలో చేర్చుకొన నారంభించిరి. ఈ వేడుక ముదిరి, ఒక పుస్తకమును అలంకరించుటకై పెక్కు పుస్తకముల బొమ్మలను కత్తిరించు వ్యసనమైనది. ఒక ఇల్లు కట్టుటకు పది యిండ్ల దూలములు పెరికినట్లు.

దీనికి ఎదురుగా టామ్ ఫిలిప్స్ అను ఆంగ్ల చిత్రకారుని కథ చెప్పదగినది. ఇతడు 1937లో జన్మించి 2022లో మరణించెను. 1966లో లండనునందలి ఒక పాత సామానుల కొట్టులో మూడు పెన్నీలకు ఒక నవల కొనెను. అది మలాక్ అను నతడు 1892లో ప్రకటించినది. నాటికే జనులు మరచినది. ఫిలిప్స్ దాని ప్రతిపుటపైనను రంగులు వేసి, బొమ్మలు గీచి, కొన్ని పదములను మాత్రము కప్పక విడిచెను. ఆ విడిచిన పదములు కలిసి క్రొత్త మాటలైనవి, క్రొత్త కథ యైనది. శీర్షికలోని మాటలను కూడ మడచి "హ్యూమ్యుమెంట్" అను క్రొత్త పేరు పుట్టించెను. ఒక్కసారి చేసి ఊరకుండలేదు. చేసిన పుటలనే మరల చేయుచు 2016లో తుది ముద్రణ వెలువరించెను. ఒక్క పుస్తకముపై ఏబది సంవత్సరములు! యౌవనమున మొదలిడి వార్ధక్యమున ముగించిన ఆ పుటలలో ఆయన జీవితమే పొరలు పొరలుగా నిలిచినది. ఎవరును చదువని నవలకును ఆయన వలన ఆయువు పోసినట్లయినది.

తుడిచివేయబడినదియు పూర్తిగా పోదనుటకు మరియొక నిదర్శనము. గ్రీకు పండితుడైన ఆర్కిమిడీజు గ్రంథముల పదవ శతాబ్దపు ప్రతి యొకటి తోలుపై వ్రాయబడి యుండెను. 1229లో ఒక మతగురువు తోలు దొరకక కాబోలు ఆ అక్షరములను గీకి, దానిపై ప్రార్థనలు వ్రాసెను. 1906లో హైబర్గు అను పండితుడు ప్రార్థనల క్రింద గణితమును కనుగొనెను. ఇతరత్ర ఎచటను లేని ఒక గ్రంథము గ్రీకు మూలముతో దానిలోనే దొరికినది. ప్రార్థన పుస్తకమును జనులు భద్రపఱచుట చేతనే గణితమును మిగిలినది!

ఈ కథలనుండి తేలు ధర్మములు మూడు. మొదటిది: పదిమందిదైన పుస్తకముపై ఒకడు గీత గీయరాదు. గ్రంథాలయ పుస్తకములో గుర్తులు పెట్టుట, బొమ్మ కత్తిరించుట దొంగతనములే. తరువాతి చదువరి కన్నును దొంగిలించుట. రెండవది: మరియొక ప్రతి లేని పుస్తకమును, తాళపత్రమును, కవిలెను ముట్టి మార్చరాదు, కాపాడుటయే పని. మూడవది: తనదియై, ప్రతులు పెక్కు గలదియై, కాలము చెల్లినదియైన పుస్తకమును తన ఇంటి జ్ఞాపకములకు నిలయము చేసికొనుటలో దోషము లేదు. అది తూకమునకు పోయి పొట్లము లగుట కంటె మేలు.

చేయు విధము కష్టము గాదు. గట్టి కుట్టు గల పాత పాఠ్యపుస్తకమునో, ధరల పట్టికనో తీసికొనవలెను. చేర్చు వస్తువులకు చోటు కలుగుటకై నడుమ నడుమ కొన్ని యాకులను కుట్టు చెడకుండ కత్తిరించి తీయవలెను. లేనిచో వీపు పగులును. మిగిలిన యాకులలో మూడేసి నాలుగేసి కలిపి అంటించినచో బరువు నాగును. మైదాపిండిని ఉడికించి, పురుగు పట్టకుండ కొంచెము మైలుతుత్తము కలిపి జిగురు చేయవలెను; మైలుతుత్తము విషము గనుక పిల్లలకు అందనీయరాదు. తండ్రి వ్రాసిన కార్డు, పెండ్లి శుభలేఖ, తల్లి చీర అంచు ముక్క, మొదటి జీతపు చీటి అంటించి, ప్రక్కన తేదీయు రెండు మాటలును వ్రాయవలెను. ఆరువరకు బరువు క్రింద నుంచవలెను. తేదీ లేని జ్ఞాపకము చిరునామా లేని ఉత్తరము వంటిదని మరువరాదు.

ఆ పుస్తకమునకు తొడుగును ఇంటనే చేయవచ్చును. గొఱ్ఱెలు కత్తిరించినపుడు మిగిలిన ఉన్నిని కడిగి, ఏకి, చాపపై ఒక పొర నిలువుగను, ఒక పొర అడ్డముగను నాలుగైదు పొరలు పఱచవలెను. వేడి సబ్బునీరు చల్లి మొదట మెల్లగా అరచేతులతో రుద్ది, పిమ్మట చాప చుట్టి అన్ని దిక్కులకు త్రిప్పి త్రిప్పి దొర్లింపవలెను. ఉన్ని బాగుగా కుంచించును గనుక కావలసిన దానికంటె పెద్దదిగా పఱచుట అవసరము. ఎల్ల ఉన్నియు సమముగా అంటుకొనదు. ముతక ఉన్నికి ఓర్పు హెచ్చు కావలెను. పిల్లలకు ఈ పని ఆటవలె నుండును. ముదుసలి చేతులకును భారము గాదు.

రజతోత్సవ సందర్భమున గ్రామమునకు ఒక విన్నపము. ఏటేట భోగినాడు పాతవన్నియు మంటలోనికి పోవును. ప్రాత చీపురు, విరిగిన బల్ల కాలవచ్చును. కాని అటకమీది పుస్తకపు కట్టను మంటకో తూకమునకో పంపకముందు ఒక్కసారి విప్పి అంచులు చూడుడు. పుట్టువు, చావు, వాన, పంట, అప్పు, పెండ్లి, ఏ వ్రాత కనబడినను గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. గ్రంథాలయము ఆ పుటలకు ఫొటో తీయించి, సంగతులను ఒక దస్తరములో ఎక్కించి, పుస్తకమును యజమానికి మరల నీయవచ్చును. ఇంట చోటు లేనివారి పుస్తకములకు ఒక బీరువా కేటాయింపవచ్చును. దీనికి వ్యయము స్వల్పము. ఊరి చరిత్ర వ్రాయువా డెవడైన మునుముందు పుట్టినచో అతనికి అదియే మూలధనము.

నిజమునకు ఈ గ్రంథాలయపు పుస్తకములు ఇప్పటికే ఊరి చేతిలో మారినవి. ఏ పుస్తకమైనను తీసి చివరి పుట చూడుడు. అచట అంటించిన చీటిపై వరుసగా తేదీ ముద్రలుండును. నాట్ల కాలమున ముద్రలు పలుచబడును, వేసవిలో దట్టమగును. ఒక పుస్తకము పదునైదు దినముల కొకమారు చేతులు మారినది. మరియొకటి పదేండ్లుగా ఎవరి కొఱకో కాచియున్నది. ఆ చీటి ఇరువదియైదేండ్లుగా గ్రామము దినదినము చేసిన ఫెల్టు వంటిది. ఒక్కొక్క చేయి ఒక్కొక్క పోగు. వాని నిక విడదీయుట సాధ్యము గాదు, విడదీయవలసిన పనియు లేదు. పోగులు చేర్చుటయే రానున్న యేండ్లలో పాఠకుల వంతు.

స్వస్తి.